గోడవతల నిద్ర

1987 అక్టోబరు పదకొండు, ఆదివారం. దసరా వెళ్ళి తొమ్మిది రోజులు. ఆ పొద్దున్న బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో త్రినాథరావు తిన్నది రెండు చీలాలు, అంటే ఆ ప్రాంతపు బియ్యప్పిండి అట్లు, వాటిలోకి పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ పంపిన గోంగూర పచ్చడి. మూడో చీలా పెనం మీద ఉండగా అప్పారావు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కొట్టుగది తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

చూడదగ్గ తలుపే అది. కింద జానెడు మేర చెక్క లేదు. గడియ పక్కన ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి లోపలి తెల్లటి కర్ర కనిపిస్తోంది. ముందు తలుపు కూడా దానికి తీసిపోలేదు గాని, అది రెండు నెలల కిందటి పని. కొట్టుగది తలుపు ఈ మూడు వారాలది.

అప్పారావు లోకో షెడ్డులో చార్జిమన్, ఫిట్టర్ల మీద పెద్ద. వీధిలో ఏ తగువైనా చివరికి అతని అరుగు మీదే తేలుతుంది. ఈసారి అతను తెచ్చింది అప్పలనర్సమ్మ భర్త, ఇంజను డ్రైవరు రమణబాబు సంగతి.

"రావుగారూ, తమరు పెద్దోరు. తమకి నేను చెప్పాలేటి. రమణబాబు శుక్రవారం నైట్ డ్యూటీ దిగొచ్చి పగలంతా కన్ను మూయలేదు. నిద్దర్లేని చేత్తో బండి పట్టకూడదని నిన్న తనంతట తనే డ్యూటీకి పోకుండా సిక్ చేసుకున్నాడు. మీ కుక్క ఏడుపు అలగుంది. ఎన్నాళ్ళిలగ?"

"రమణబాబు నాతో ఒక్క మాటైనా అనలేదే."

"అనడు. ఆడలగే. అందుకే వీధి అంటున్నాది." అప్పారావు గొంతు తగ్గించాడు. "వొచ్చే ఆదివారం పొద్దున్న కట్నీ గూడ్సుకి మన సూర్యం గార్డు. దాన్ని తన బ్రేకు వానులో ఎక్కించుకుని, కోటా స్టేషన్ దాటినాక అడవిలో ఒగ్గీమని చెప్పినాం. ఏదో తిని బతుకుతాది."

కాలనీలో అది కొత్త సంగతి కాదు. పాలు తాగే దొంగ పిల్లులు, పిల్లల్ని కరిచిన కుక్కలు చాలా ఆ దారినే పోయాయి. చంపడం కంటే నయం కదా అని అందరూ సరిపెట్టుకునేవారు.

త్రినాథరావు కాలి మీద గడ్డం ఆనించుకుని పడుకుని ఉంది ఆ కుక్క. దాని గురించే మాట్లాడుతున్నారని దానికి తెలియదు. అతను వాదించలేదు. అతని తండ్రీ ఇంజను డ్రైవరే. పగటి నిద్ర అంటే ఏమిటో చిన్నప్పటి నుంచి తెలిసిన ఇల్లు అది. తండ్రి పడుకుంటే గిన్నె గిన్నెకి తగలకూడదు, దగ్గొస్తే పెరట్లోకి పోయి దగ్గాలి.

"అలాగే అప్పారావూ," అన్నాడు.

అప్పారావు పోట్లాటకి సిద్ధపడి వచ్చాడు. ఆ అవసరం లేకపోయేసరికి పెనం వైపు చూసి, "చీలా మాడిపోతున్నాది, చూసుకోండి," అని వెళ్ళిపోయాడు.

* * *

ఆ కుక్క అతనికి పార్సిల్లో వచ్చింది. త్రినాథరావు బిలాస్‌పూర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో హెడ్ క్లర్కు. జూన్ నెలాఖరున మెయిలు బండిలో, గార్డు పెట్టెకి ఉండే డాగ్ బాక్సులో, ఖరగ్‌పూర్ నుంచి దిగింది. పది నెలల వయసు. సగం అల్సేషన్, మిగతా సగం ఏమిటో ఎవరికీ తెలియదు. మెడలో అట్టముక్క మీద చిరునామా ఉంది గాని, ఆ చిరునామా మనిషికి బదిలీ అయిపోయింది. పదకొండు రోజులు తక్కెడ పక్కన గోనె మీద పడుకుంది. పంపినవాళ్ళకి ఉత్తరం రాస్తే, మాకు వద్దు, మీకు తోచినట్టు చెయ్యండి అని జవాబు వచ్చింది. హమాలీలు అప్పటికే దాన్ని లగేజీ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరే ఉండిపోయింది.

ఇంటికి తెచ్చుకున్నాక పది రోజులు బాగానే గడిచాయి. పదకొండో రోజు సాయంత్రం వచ్చి చూస్తే ముందు తలుపు అడుగు చెక్క నమిలి ఉంది. తర్వాత గడియ. తర్వాత కిటికీ తెర. గొలుసుతో కట్టాడు. గొలుసు కట్టిన కర్రనే కొరికింది. ఎవరో చెప్పారని తలుపుకి వేపనూనె పూశాడు, శుభ్రంగా నాకేసింది. మిరపకాయ నూరి పూయమన్నారు. ఆ పని మాత్రం అతనికి చేతులు రాలేదు. ఇంటికి రాగానే దాన్ని తలుపు దగ్గరికి లాక్కెళ్ళి, "ఏమిటిది, ఏమిటిది" అని గట్టిగా తిట్టేవాడు. అది నేలకి అంటుకుపోయి చెవులు వెనక్కి పెట్టేది. తప్పు తెలుసుకుంది కాబోలు అనుకునేవాడు. మర్నాడు మళ్ళీ అంతే.

సెప్టెంబరులో రమణబాబుకి వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి. రెండు క్వార్టర్లకీ మధ్య గోడ ఒకటే. చప్పుడు అవతలికి పోకూడదని త్రినాథరావు కుక్కని కొట్టుగదిలో పెట్టి తలుపు వేయడం మొదలుపెట్టాడు. కిటికీ లేని గది, చప్పుడు తగ్గుతుందని. అక్కడి నుంచి ఏడుపు మొదలైంది.

* * *

ఆ సాయంత్రం అతను క్షమాపణ చెప్పడానికి పక్కింటికి వెళ్ళాడు. రమణబాబు వెనక వరండాలో కూర్చుని దోమతెరకి కుట్లు వేస్తున్నాడు. ముప్పయ్యెనిమిదేళ్ళ మనిషి, బండ చేతులు, ఆ చేతుల్లో సూది మాత్రం చాలా ఒద్దికగా నడుస్తోంది. అప్పలనర్సమ్మ త్రినాథరావుని అన్నయ్యగారు అంటుంది గనక, రమణబాబుకి అతను బావగారు.

"రండి బావగారూ. సిక్కులో ఉన్నోడిని చూడ్డానికొచ్చేరేటి?"

"క్షమాపణ చెప్పడానికి వచ్చాను."

"అయితే కూకోండి. నిలబడి చెప్తే చెల్లదు."

కూర్చుని, ఆదివారం సంగతి చెప్పాడు. రమణబాబు సూది ఆగింది.

"నన్నడక్కుండానేనా? అచ్ఛా. నా నిద్దర మీద నాకే పవర్ లేదన్నమాట."

"పవరుంటే పడుకునేవోడివి," అంది అప్పలనర్సమ్మ లోపల్నుంచి. "గోడకి చెవానించుకుని కూకోడం ఎందుకు? అన్నయ్యగారూ, ఈ మనిషి పడుకోడు. మీ కుక్క ఏటి చేస్తాదో వింటాడు. నిన్న నన్ను కూడా పిలిచి వినమన్నాడు."

రమణబాబు కొంచెం సిగ్గుపడ్డాడు. "ఎలాగూ మెలకువొచ్చేసినాది కదా అని. ఇంజను మోటారు తేడా చేస్తే చెవితోనే పట్టాలండి మేము. అలవాటు. బావగారూ, ఒకటడుగుతాను. మీరు ఇంట్లోంచి ఎలగెల్తారు?"

"ఎలా వెళ్ళడమేమిటి?"

"చెప్పండి. తొమ్మిదింపావుకి కదా. ఎలగెల్తారు?"

త్రినాథరావు చెప్పాడు. ముందు దానికి పాలన్నం పెడతాడు. అది తింటూ ఉండగా చెప్పులు చేత్తో పట్టుకుంటాడు. గడియని రెండు వేళ్ళతో పైకెత్తి, చప్పుడు కాకుండా తీసి, తలుపు దగ్గరికి వేసి, తాళం కప్పని అరచేత్తో మూసి నొక్కుతాడు. నలభై ఏళ్ళ అలవాటు. పగలు పడుకునే మనిషి ఉన్నచోట ఇల్లు దాటే పద్ధతి అదే.

"అదే మరి," అన్నాడు రమణబాబు. "గోడ పక్కనున్న నాకే మీరెప్పుడెల్లారో తెలీదు. దానికేటి తెలుస్తాది? అన్నం తిని తలెత్తేసరికి మనిషి లేడు. కొట్టుగదిలో పెట్టకముందు సంగతి చెప్తున్నాను, వినండి. అది మొదటే తలుపు మీద పడదు. మొదట నడుస్తాది. గోళ్ళ చప్పుడు. వంటిల్లు, నడిమి గది, వరండా. మళ్ళా వంటిల్లు. ఒక్కో చోట ఆగుతాది. మూడు సార్లు ఇల్లంతా తిరుగుతాది బావగారూ. వెతుకుతాది. దొరక్కపోతే అప్పుడు, మీ వాసన ఎక్కడాగిపోయిందో ఆ తలుపు దగ్గరికెల్తాది. పోనీ చెప్పండి, అది మీ పరుపు కొరికిందా?"

"లేదు."

"కుర్చీ?"

"లేదు. తలుపులు, గడియ, కిటికీ. ఒకసారి నా పాత చెప్పులు."

"రెండూ?"

"ఒకటి నమిలింది. రెండోదాన్ని గడ్డం కింద పెట్టుకుని పడుకుని ఉంది."

రమణబాబు తల ఊపాడు. సూదిలో మళ్ళీ దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "ఆ నడక నాకు కొత్త కాదండి. మూడేళ్ళ కిందట ఆ గోడవతల అలాటి నడకే కొన్నాళ్ళు విన్నాను."

త్రినాథరావుకి ఆ నడక ఎవరిదో తెలుసు. భార్య శాంతాదేవి పోయిన కొత్తలో తను రాత్రిళ్ళు ఆ మూడు గదులూ తిరిగేవాడు. వంటిల్లు, నడిమి గది, వరండా. ఏం వెతుకుతున్నాడో తెలియకుండానే. గోడవతల ఒకరు వింటున్నారని అప్పుడు తోచలేదు. ఆ రోజుల్లో సాయంత్రం ఏడయ్యేసరికి అప్పలనర్సమ్మ ఏదో ఒక కూర గిన్నె పంపేది. ఎందుకు పంపుతోందో ఆమె చెప్పలేదు, ఎవరు పంపమన్నారో అతను అడగలేదు.

ఆమె టీ తెచ్చి అతని ముందు పెట్టింది. అరచెంచా పంచదార. అతనికి షుగరని ఆమెకి గుర్తే.

"కొట్టుగదిలో పెట్టినాక దానికి తిరగడానిక్కూడా చోటు లేకపోయింది," అన్నాడు రమణబాబు. "అప్పట్నుంచి ఏడుపు. ఆ గదికి కిటికీ లేదు కదేటి?"

కిటికీ లేదు. ఆ మాటతో త్రినాథరావుకి డాగ్ బాక్సు కళ్ళ ముందుకి వచ్చింది. ఇనప పెట్టె, చిన్న చిల్లులు, లోపల నిలబడితే తల తగులుతుంది. ఖరగ్‌పూర్ నుంచి ఒక రాత్రంతా అందులో వచ్చింది. ఆ పెట్టె తలుపు తీసింది తనే. తీసిన చేతుల్తోనే మళ్ళీ చీకట్లో పెట్టి గడియ వేశాడు, పైగా మంచి ఉద్దేశంతో.

"ఇంటికొచ్చి తిడతాను కూడా," అన్నాడు నెమ్మదిగా.

"అదీ విన్నాను. అది చేసింది తొమ్మిదిన్నరకి. మీరు తిట్టేది సాయంత్రం అయిదున్నరకి. ఎనిమిది గంటలు పోయాక ఏసిన బ్రేకు ఏ బండినాపుతాది? దానికి తెలిసేదొక్కటే, బావగారు రాగానే కోపంగా ఉంటారని."

"నేల కరుచుకుపోతుంది. తప్పు తెలిసిందనుకున్నాను."

"భయమండి అది. ఇంకోటి. దీన్ని రోజూ ఎంత దూరం తిప్పుతారు?"

"పొద్దున్న చర్చి మలుపు దాకా. గొలుసుతో."

అప్పలనర్సమ్మ పకపకా నవ్వింది. "మా ముసలి మేక కూడా అంతకంటే ఎక్కువ తిరుగుతాది అన్నయ్యగారూ."

"దాని కాళ్ళు చూసేరా?" అన్నాడు రమణబాబు. "మెయిలు ఇంజను తెచ్చి యార్డులో రెండు పెట్టెలు తోయిస్తున్నారు. ఆ బలం ఏటవ్వాలి? తలుపు మీదకి పోతాది." దోమతెర మడిచి పక్కన పెట్టాడు. "వారం టైముంది. మీకు లీవుందా?"

* * *

ఉంది. త్రినాథరావు సోమవారం నుంచి ఆరు రోజులు పెట్టాడు.

సోమవారం అయిదున్నరకి సైకిల్ తీశాడు. లగేజీ పక్కన పరిగెత్తింది. లాల్‌ఖదాన్ పేట దాటాక, పట్టాలకి బాగా ఎడంగా, ఇటుక బట్టీ వదిలేసిన పెద్ద బయలు ఉంది. అక్కడ సైకిల్ ఆపి, గొలుసు తీయడానికి చాలాసేపు తటపటాయించాడు. పారిపోతే? పారిపోతే ఆదివారం అడవిలో వదిలే పని తప్పుతుంది, అంతే కదా అనుకుని తీసేశాడు.

అది మొదట కదల్లేదు. మెడ విదిలించి, గొలుసు లేదని తెలుసుకుని, అతని వంక ఒకసారి చూసింది. తర్వాత పరిగెత్తింది.

మూడు నెలలు ఒకే ఇంట్లో ఉన్నాడు గాని, త్రినాథరావు ఆ కుక్కని అప్పటిదాకా చూడలేదనే చెప్పాలి. బయలు ఆ చివరికి ఒక్క ఊపులో పోయి, ఒంటిని విల్లులా వంచి తిరిగింది. నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడిచేవి. మంచు పట్టిన గడ్డి మీద అది పోయిన దారి నల్లటి గీతలా పడింది. అతని పక్కనుంచి దూసుకుపోతున్నప్పుడు దాని ఊపిరి వినిపించేది, అంతే, మళ్ళీ ఆ చివర. ఒక కొంగల గుంపు లేచింది. వాటి కింద పరిగెత్తి, అందవని తెలిసి, నవ్వుమొహంతో వెనక్కి వచ్చింది. ఇంత పరుగున్న కుక్కని తను చర్చి మలుపు దాకా తిప్పి ఇంటికి తెచ్చేవాడు. సిగ్గుతో పాటు ఇంకేదో కూడా కలిగింది అతనికి. రాత్రిపూట మెయిలు బండి ఆగకుండా స్టేషన్ దాటుతుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసేటప్పుడు కలిగేలాంటిది.

నలభై నిమిషాల తర్వాత పిలవకుండానే వచ్చి, సైకిల్ ముందు చక్రం పక్కన కూలబడింది.

ఇంటికొచ్చాక రెండో పాఠం. కొట్టుగదికి తాళం వేసి తాళంచెవి అప్పలనర్సమ్మకి ఇచ్చేశాడు. ఎండిన రొట్టె ముక్కల్ని పాత గోనె మడతల్లో అక్కడక్కడ దాచి ముడివేసి లగేజీకి ఇచ్చాడు. ముక్కుకి పని ఉంటే పళ్ళకి తొందర తగ్గుతుందని రమణబాబు లెక్క. కొబ్బరి డొక్క ఒకటి పక్కన పెట్టాడు, కొరుక్కోవాలనిపిస్తే అది ఉంటుందని.

మూడోది వెళ్ళడం. రమణబాబు గట్టిగా చెప్పాడు. "చెప్పులు టపటపలాడించండి. టిఫిన్ డబ్బా చప్పుడు చేయండి. రోజూ ఒకటే మాట చెప్పండి. తాళం ఠంగుమని వేయండి. దానికి తెలియాలి, ఈయన ఎల్తున్నాడు అని. కానీ నిమిషంలో వొచ్చీయండి. కొత్త ఇంజనుకి మొదటి రోజే ఫుల్ లోడు తగిలించం కదా. నిమిషం, మూడు నిమిషాలు, పావుగంట. అది నడక మొదలుపెట్టకముందే వొచ్చీయాలి."

"అది నడుస్తోందో లేదో బయటున్న నాకెలా తెలుస్తుంది?"

"నేనున్నాను కదా గోడ దగ్గిర."

"నీ నిద్ర?"

"బావగారూ, పక్కనుంచి ఎక్స్‌ప్రెస్ పోతే నేను లేవను. మీ తాళానికి లేస్తానా. నన్ను లేపేది ఏడుపొక్కటే. అది ఆగితే నా నిద్దర నాకొచ్చేస్తాది."

అలా ఆ వారం వీధి ఒక వింత చూసింది. పార్సిల్ బాబు త్రినాథరావు తొమ్మిదింపావుకి "డ్యూటీకెళ్తున్నాను" అని పెద్దగా చెప్పి, తాళం మోగించి, వేపచెట్టు మలుపు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి పక్కింటి కిటికీ వైపు చూస్తూ ఉండేవాడు. కిటికీ ఊచల్లోంచి ఆకుపచ్చ తువ్వాలు కనిపిస్తే అక్కడే ఉండాలి. అప్పలనర్సమ్మ ఎర్ర జాకెట్టు గుడ్డ కనిపిస్తే వెంటనే ఇంటికి రావాలి.

"ఇద్దరు పెద్ద మొగోళ్ళు, జెండాలాట," అంది అప్పలనర్సమ్మ. "నా పండగ గుడ్డ కుక్కకి సిగ్నలైపోయింది."

అప్పారావు షెడ్డుకి పోతూ ఆగాడు. "రావుగారూ, ఏ బండి కోసం?"

"నా బండి కోసమే," అన్నాడు త్రినాథరావు, కిటికీ మీంచి చూపు తీయకుండా.

సోమవారం మూడు నిమిషాలు ఆకుపచ్చ. మంగళవారం పదిహేను. బుధవారం తెల్లారే సరికి వాన. ఈ వయసులో వానలో సైకిలెందుకని అతను వెళ్ళలేదు. ఆ పొద్దున్న నాలుగో నిమిషానికే ఎర్ర గుడ్డ వచ్చింది. వచ్చి తాళం తీసేసరికి గుమ్మం చెక్క కొత్తగా ఒక మూల పోయి ఉంది, లగేజీ నోట్లో చెక్క పేళ్ళు. అది అతన్ని చూసి నేలకి అంటుకుపోయింది. త్రినాథరావు నోటిదాకా వచ్చిన మాటని మింగి, గుమ్మంలో చతికిలబడి, దాని నోట్లోంచి పేళ్ళు ఒక్కొక్కటీ తీశాడు. చాలాసేపటికి దాని చెవులు మామూలుగా నిలబడ్డాయి. తప్పు దానిది కాదు. పరుగు ఎగ్గొట్టింది తను.

గురువారం కూడా వాన కురిసింది. గొడుగు సైకిల్ హ్యాండిల్‌కి కట్టుకుని వెళ్ళాడు. బయలంతా బురద. కుక్కా మనిషీ ఏ రంగువాళ్ళో తెలియకుండా ఇంటికి వచ్చారు. ఆ రోజు ముప్పావు గంట ఆకుపచ్చే. శుక్రవారం రెండు గంటలు. శనివారం రమణబాబు సిక్ విప్పుకుని డ్యూటీలో చేరాడు, రాత్రికి బండెక్కుతున్నానని చెప్పాడు.

"అయితే రేపు పొద్దున్న నువ్వు నిద్రపోవాలి," అన్నాడు త్రినాథరావు.

"నిజం పరీక్ష రేపే బావగారూ."

ఆ సాయంత్రం త్రినాథరావు తనంతట తనే అప్పారావు ఇంటికి వెళ్ళి తన ఇంటి రెండో తాళంచెవి ఇచ్చాడు. "ఆదివారమైనా రేపు నాకు డ్యూటీ. సాయంత్రం దాకా రాను. నువ్వూ సూర్యమూ వచ్చి కూర్చోండి. అది ఏడ్చి రమణబాబుని లేపితే నాకోసం చూడొద్దు. తలుపు తీసి తీసుకుపోండి."

"తమరుండగా తీసుకుపోడమే మర్యాద," అన్నాడు అప్పారావు.

"నేనుంటే ఇవ్వలేను," అన్నాడు త్రినాథరావు.

* * *

ఆదివారం పరుగు ఎప్పుడూ చేసేదాని కంటే పావుగంట ఎక్కువ చేయించాడు. ఏడింటికి రమణబాబు ఎర్రబడ్డ కళ్ళతో డ్యూటీ దిగివచ్చి, నాలుగు ముద్దలు తిని పడుకున్నాడు. తొమ్మిదింపావుకి త్రినాథరావు టిఫిన్ డబ్బా మోగించాడు. గోనె ముడి ఇచ్చాడు. "డ్యూటీకెళ్తున్నాను." తాళం ఠంగుమంది. వేపచెట్టు దగ్గర ఆగాలనిపించింది గాని, ఆగలేదు.

పార్సిల్ ఆఫీసులో ఆ రోజు బరంపురం పోవలసిన బుట్టకి రాయ్‌పూర్ చీటీ రాశాడు. హమాలీ పోలయ్య దాన్ని చూసి, ఏమీ అనకుండా, కొత్త చీటీ, కలం ముందుకి తోశాడు. పదకొండు దాటాక కట్నీ వైపు గూడ్సు కూత వేసింది. దాని చివర బ్రేకు వానులో సూర్యం ఉంటాడు. అతని కాళ్ళ దగ్గర ఏముందో ఇక్కణ్ణుంచి కనిపించదు. కూత స్టేషన్ దాటి, యార్డు దాటి, పల్చబడి ఆగిపోయేదాకా త్రినాథరావు రాయడం మానేసి కూర్చున్నాడు.

అయిదుకి బయల్దేరాడు. వేపచెట్టు మలుపులో, వారం రోజుల అలవాటు, కాలు దానంతటదే ఆగింది. కిటికీ చూశాడు.

కిటికీలో ఆకుపచ్చ లేదు. ఎరుపూ లేదు. ఉత్త ఊచలు.

సైకిల్ ఎక్కబుద్ధి కాలేదు. నడిపించుకుంటూ వెళ్ళాడు. తన గుమ్మం ముందు అప్పలనర్సమ్మ బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేక చేటలో బియ్యాన్ని చూశాడు.

"తువ్వాలు లేదేం చెల్లెమ్మా?"

"ఏ తువ్వాలు?" అని ఆమె వెనక్కి తిరిగింది.

రమణబాబు పెరట్లోంచి స్నానం చేసి వస్తున్నాడు. తల మీద ఆకుపచ్చ తువ్వాలు. "నాలుగున్నర దాకా పడుకున్నాను బావగారూ," అన్నాడు తల తుడుచుకుంటూ. "మజ్జలో ఒక్కసారే మెలకువొచ్చింది."

"ఏడ్చిందా?"

"అది కాదు," అని అప్పలనర్సమ్మ చేట పక్కన పెట్టింది. "అప్పారావన్న, సూర్యం తొమ్మిదిన్నరకొచ్చి మా వరండాలో కూకున్నారు. సూర్యం చేతిలో గొలుసు. నేను టీ ఇచ్చాను. ఇద్దరూ గోడ వైపే చూపు. లోపల గోళ్ళ చప్పుడు ఒక్కసారి, ఒకే ఒక్క చుట్టు. తర్వాత గోనె లాగుతున్న చప్పుడు. తర్వాత తలుపు దగ్గిర దబ్బుమని పడుకుంది. బస్. పది దాటినాక అప్పారావన్న స్తంభానికి చేరబడి నిద్దరోయాడు. ఏం గురకనుకున్నారు. మా ఆయన లేచొచ్చి, 'అన్నా, కొంచెం మెల్లగా నిద్రపో, నాకు రాత్రికి డ్యూటీ ఉంది' అన్నాడు."

"సూర్యం?"

"బండి టైమైపోతున్నాదని ఖాళీ గొలుసు చుట్టుకుని పోనాడు. అప్పారావన్న తాళంచెవి నా చేతిలో పెట్టి, ఇదిగో, రావుగారికిచ్చీమన్నాడు. ముసలాయన మొహం చూడలేను అన్నాడు."

త్రినాథరావుకి నవ్వొచ్చింది. అప్పారావు అతనికంటే రెండేళ్ళు పెద్ద.

తాళం తీస్తుంటే లోపల ఒక్క మొరుగు వినిపించింది. తలుపు తీశాడు. గోనె మాత్రం గదంతా పీలికలు పీలికలు. కొబ్బరి డొక్క పీచుపీచు. రొట్టె ముక్క ఒక్కటి మిగల్లేదు. తలుపు పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది. లగేజీ నేలకి అంటుకుపోలేదు. చెవులు నిలబెట్టి, ఒళ్ళంతా ఊపుకుంటూ, అతని టిఫిన్ డబ్బాని ముక్కుతో పొడిచింది.

అతను దాని తల మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి రమణబాబుని చూశాడు. ఏదో చెప్పాలనుకున్నాడు. నిద్ర పోగొట్టుకున్న మనిషి పోగొట్టిన దాని మీద పళ్ళు కొరకడం లోకంలో మామూలు. ఈ మనిషి పక్క మీద కూర్చుని, గోడవతల ఒక జంతువు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాడు.

"రాత్రికి వంకాయ కూర చేస్తాను," అన్నాడు చివరికి. "తిని వెళ్ళు."

"మీ వంకాయ కూరా?" అంది అప్పలనర్సమ్మ. "ఈయన మళ్ళా సిక్ చేసుకోవాలి."

అయినా తిన్నారు, ముగ్గురూ. ఎనిమిదిన్నరకి రమణబాబు పెట్టె భుజాన వేసుకున్నాడు. వీధిలోకి దిగి, త్రినాథరావు కిటికీ దగ్గర ఆగి, బూట్లు టకటకలాడించి, "లగేజీ, డ్యూటీకెల్తున్నాను," అన్నాడు. అది ఒక చెవి ఎత్తి, అతను మలుపు తిరిగేదాకా విని, మళ్ళీ వాల్చింది.

కంచాలు కడిగి, నీళ్ళు పట్టి, రేపటి గోనెలో రొట్టె ముక్కలు దాచి ముడివేశాక, త్రినాథరావు ముందు తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఈ వేళప్పుడు బయటికి వెళ్ళేవాళ్ళెవరూ లేరు. గడియని రెండు వేళ్ళతో ఎత్తి, చప్పుడు కాకుండా వేశాడు.